బరువు మోసేవి కమాన్ కట్టలు, షాకులు కావు: పాత పికప్‌కి షాక్ అబ్జార్బర్లు ఎంచుకునే పద్ధతి

కనుమ మర్నాడు మా బాబాయి ఫోన్ చేశాడు. "ఒరేయ్, బండి వెనకాల కూర్చుంటోందిరా. మిర్చి సీజన్ ఊపందుకునేలోపు షాకులు మార్చేద్దామనుకుంటున్నా. ఏవి వెయ్యమంటావ్?" అన్నాడు.

బాబాయిది 16 ఏళ్ల పికప్. ఫిబ్రవరి నుంచి మే దాకా సత్తెనపల్లి వైపు ఊళ్ల నుంచి గుంటూరు యార్డుకి మిర్చి టిక్కీలు, అంటే ఒక్కోటి నలభై కిలోలకి పైబడ్డ బస్తాలు, తోలతాడు. తిరుగు ప్రయాణం దాదాపు ఖాళీయే. మిగతా నెలల్లో ఎరువుల బస్తాలు, సిమెంటు, ఒక్కోసారి పెళ్లి సామాను. నాకు ఫోన్ చేసేసరికే విజయవాడ ఆటోనగర్‌లో ఓ పూటంతా తిరిగొచ్చాడు. ఒక షాపులో హెవీ డ్యూటీవి వేసుకోమన్నారట. పక్క షాపులో, గ్యాస్‌వి వేస్తే బండి లేచి కూర్చుంటుందన్నారట. ఇంకొకాయన, కొత్తలో కంపెనీ ఏవి ఇచ్చిందో అవే వేసుకోండి, ప్రయోగాలొద్దన్నాడు. ఎప్పుడూ బండి చూసే మెకానిక్ మాత్రం, "వెనకవి పీకేసి తిరగండి, సగం బళ్లు అలాగే తిరుగుతున్నాయి" అని నవ్వాడట.

నలుగురివీ నాలుగు మాటలు. ఎవరి మాటలోనూ బొత్తిగా నిజం లేకపోలేదు. కానీ బాబాయి బాధ ఒకటి, వాళ్లు మందు చెప్పిన జబ్బు ఇంకొకటి. బండి వెనక కూర్చోవడం అసలు షాకుల జబ్బే కాదు.

ఇది నమ్మకపోతే ఓ పని చేయండి. బండిని చదునైన చోట ఆపి, చక్రాలకి అడ్డు పెట్టి, వెనక షాకుల కింది బోల్టులు రెండూ విప్పేయండి. బండి ఉన్నచోటే ఉంటుంది. గ్యాస్ ఉన్న రకమైతే నాలుగైదు మిల్లీమీటర్లు దిగుతుందేమో, నూనె మాత్రమే ఉన్నదైతే అదీ ఉండదు. బరువంతా కమాన్ కట్టల మీద, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చి యూ బోల్టులతో ఇరుసుకి బిగించిన ఉక్కు పట్టీల మీద ఉంటుంది. షాక్ అబ్జార్బర్ అనే పేరే మనల్ని తప్పుదోవ పట్టిస్తోంది. కుదుపుని మొదట మింగేది కూడా కమాన్ కట్టే. మింగినదాన్ని అది దాచుకోలేదు, వెంటనే పైకి తన్నేస్తుంది, మళ్లీ కిందికి, మళ్లీ పైకి. ఉయ్యాలని ఒకసారి ఊపి వదిలేస్తే ఎలాగో అలాగ. ఆ ఉయ్యాలని పట్టుకుని ఆపే చెయ్యే షాక్.

మన పాత రెండెడ్ల బండికి షాకులు లేవు. ఎందుకంటే దానికి స్ప్రింగులే లేవు. గుంత వచ్చిందంటే నడుం విరిగేది కానీ, బండి ఊగేది కాదు. స్ప్రింగు పెట్టాకే దాన్ని అదుపు చేసేది ఇంకొకటి కావాల్సి వచ్చింది.

కాబట్టి వెనక కూర్చున్న బండికి మొదటి మజిలీ షాకుల షాపు కాదు, కమాన్ కట్టల షాపు. ఏదైనా పట్టీ చిట్లిందా, సెంటర్ బోల్టు తెగి పట్టీలు పక్కకి జరిగాయా, ఏళ్ల తరబడి లోడు మోసి వంపు పోయిందా, షాకిల్ బుష్‌లు (కట్ట చివరని ఛాసిస్‌కి తగిలించే చోట ఉండే రబ్బర్లు) అరిగాయా అని వాళ్లు చూస్తారు. వంపు మళ్లీ తెప్పించడమో, పట్టీ మార్చడమో, ఒకటి కలపడమో అక్కడ తేలాలి. ఇది ముందు ఎందుకు చేయాలంటే, కమాన్ కట్టల ఎత్తు మారితే షాక్ ఎంత పొడవుండాలో కూడా మారే అవకాశం ఉంది. ముందు షాకులు కొనేసి తర్వాత పట్టీ కలిపితే, డబ్బులు పెట్టి కొన్న కొలత తప్పుగా మిగులుతుంది.

గ్యాస్ షాక్ బండిని లేపుతుందన్న మాట ఎక్కణ్నుంచి వచ్చిందో కూడా చూద్దాం. గ్యాస్ రకం షాక్‌కి కట్టిన తాడు విప్పగానే రాడ్ దానంతటదే బయటికొస్తుంది. కౌంటర్ మీద పెట్టి చూపిస్తే భలే గట్టిదనిపిస్తుంది. లోపల నైట్రోజన్ ఒత్తిడి రాడ్ మందం మీద పడి తోయడం వల్ల అలా జరుగుతుంది. ఎక్కువ ఒత్తిడి రకంలో చదరపు సెంటీమీటరుకి సుమారు 25 కిలోలనుకుందాం. రాడ్ 14 మిల్లీమీటర్లదైతే దాని అడ్డుకోత వైశాల్యం ఒకటిన్నర చదరపు సెంటీమీటర్లు. తోపుడు బలం 38 కిలోలు. రెండు షాకులకి కలిపి 76. అంటే రెండు టిక్కీలు మోసేంత కూడా కాదు. టన్ను పైన లోడు వేసే బండికి ఇది లెక్కలోకి రాదు. తక్కువ ఒత్తిడి రకంలో అయితే ఒక్కోటి పది కిలోలకి అటూ ఇటూ తోస్తుంది, అంతే.

సరే, మరి షాక్ లోపల ఏం జరుగుతోంది?

ఒక గొట్టం, దాన్నిండా నూనె, ఆ నూనెలో కదిలే పిస్టన్. పిస్టన్‌కి సన్నటి రంధ్రాలు, వాటి మీద కాగితంలా పలచటి ఉక్కు బిళ్లలు. చక్రం పైకీ కిందికీ ఆడినప్పుడు నూనె ఆ రంధ్రాల్లోంచి దూరి వెళ్లాలి. దూరేటప్పుడు వేడెక్కుతుంది. ఊగిసలాటలో ఉన్న శక్తంతా ఆ వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. షాక్ చేసేది ఇంతే: ఊపుని వేడిగా మార్చడం. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే చచ్చిన షాకుని ఎలా పట్టుకోవాలో కూడా తెలిసిపోతుంది, అది తర్వాత చెప్తా.

నూనె అడ్డుకునే బలం పిస్టన్ వేగాన్ని బట్టి ఉంటుంది. కాలవలో చెయ్యి మెల్లగా తిప్పితే నీళ్లు దారి ఇస్తాయి. చాచి కొడితే అరచెయ్యి మండుతుంది. షాక్ కూడా అంతే. మలుపులో బండి ఒరుగుతున్నప్పుడు పిస్టన్ నెమ్మదిగా కదులుతుంది, గుంతలో చక్రం పడ్డప్పుడు విసురుగా కదులుతుంది. ఈ రెంటికీ వేరు వేరుగా ఎంత అడ్డుకోవాలో ఆ ఉక్కు బిళ్లల అమరికే తేలుస్తుంది. అందుకని షాపులో షాకుని నేలకి ఆనించి చేత్తో నొక్కి చూసి "ఇది మెత్తన, అది గట్టి" అనుకోవడంలో అర్థం లేదు. మన చేతి వేగం గుంత వేగం కాదు.

ఇంకోటి. మామూలు షాక్ రెండు వైపులా ఒకేలా పట్టదు. మూసుకునేటప్పుడు తక్కువ, తెరుచుకునేటప్పుడు ఎక్కువ పడుతుంది. సాధారణంగా రెండు మూడు రెట్లు తేడా ఉంటుంది. చక్రం గుంత అంచు ఎక్కేటప్పుడు కట్ట అణగనివ్వాలి కదా, అక్కడ షాక్ గట్టిగా అడ్డుపడితే ఆ దెబ్బ ఛాసిస్‌కి, అక్కణ్నుంచి మన వెన్నుకి వస్తుంది. అణిగిన కట్ట తిరిగి తన్నేటప్పుడు మాత్రం పట్టుకోవాలి.

ఇప్పుడు హెవీ డ్యూటీ సంగతి. వ్యాసమంతటికీ అసలు చిక్కుముడి ఇదే.

పికప్ రెండు బళ్లు. ఖాళీగా ఒక బండి, లోడుతో ఇంకో బండి. కారులో నలుగురు ఎక్కినా బరువు పెద్దగా మారదు. పికప్‌లో వెనక ఇరుసు మీద బరువు మూడు నాలుగు రెట్లవుతుంది. ఒక షాకుకి ఎంత పట్టు ఉందనేది దాని బలంతోనే తేలదు. అది ఎంత బరువుని, ఎంత గట్టి స్ప్రింగుని ఆపాలో దానితో పోల్చాలి. ఇంజినీర్ల లెక్కలో ఆ పోలిక బరువు, స్ప్రింగు గట్టిదనం రెంటి లబ్ధానికీ వర్గమూలంతో ఉంటుంది. తేలిగ్గా చెప్తా. ఖాళీ బండిలో వెనక కట్టల మీద 500 కిలోలు ఉన్నాయి, లోడుతో 2000 అయ్యాయి అనుకుందాం. బరువు నాలుగు రెట్లు. నాలుగుకి వర్గమూలం రెండు. అంటే అదే షాక్, అదే నూనె, కానీ పట్టు సగమైపోయింది.

తిరగేసి చూడండి. నిండు లోడుకి సరిగ్గా సరిపోయేలా షాక్ వేస్తే, ఖాళీగా వచ్చేటప్పుడు దాని పట్టు అవసరానికి రెట్టింపు. గతుకు మీద చక్రం కిందికి దిగాల్సిన టైముకి షాక్ దిగనివ్వదు. చక్రం గాల్లో తేలుతుంది, వెనక బండి టకటకా దూకుతుంది. ఖాళీ బండి తడి రోడ్డు మీద బ్రేకు కొడితే వెనక భాగం పక్కకి జారడం పికప్ తోలినవాళ్లకి తెలిసిందే. మరీ గట్టి షాకులు ఆ జబ్బుని ఇంకా పెంచుతాయి. కాబట్టి హెవీ డ్యూటీ అనే మాట వినగానే "ఎంత బలం?" అని కాదు, "నా బండి ఎక్కువ కిలోమీటర్లు ఎలా తిరుగుతోంది, నిండుగానా, ఖాళీగానా?" అని అడగాలి. బాబాయిది సగం సగం. రోజూ సిమెంటు మోసే బండిదీ, వారానికోసారి సామాను వేసుకుని మిగతా రోజులు కారులా తిరిగే బండిదీ ఒకే జవాబు కాదు.

పట్టీ అదనంగా వేస్తే సంగతేంటి? స్ప్రింగు గట్టిపడింది. ఇందాకటి లెక్క ప్రకారం అదే షాకుకి దాన్ని ఆపే పట్టు తగ్గింది. అంటే పట్టీ కలిపినవాళ్లకి మామూలు షాక్ కన్నా కొంచెం గట్టిది వేయడంలో న్యాయం ఉంది. హెవీ డ్యూటీవి వేసుకోమన్న షాపాయన బహుశా ఇలాంటి బళ్లనే రోజూ చూస్తూ ఉండి ఉంటాడు.

మెకానిక్ నవ్వుతూ అన్న మాటకి కూడా ఆధారం ఉంది. కమాన్ కట్టలో పట్టీలు ఒకదానితో ఒకటి రాసుకుంటాయి. ఆ రాపిడే ఊపుని కొంత చంపేస్తుంది. లోడు పెరిగేకొద్దీ పట్టీల మధ్య ఒత్తిడి పెరిగి రాపిడీ పెరుగుతుంది. షాకులు లేకుండా తిరిగే పాత బళ్లు రోడ్డు మీద నిలబడుతున్నాయంటే ఆ రాపిడి పుణ్యమే. కానీ దానికో లోపం ఉంది. చిన్న గతుక్కి అది అసలు కదలనివ్వదు, పెద్ద గుంతకి సరిపోదు. నూనెలా వేగాన్ని బట్టి మారే తెలివి దానికి లేదు. పైగా పట్టీల మధ్య గ్రీజు పెట్టించామంటే ఆ రాపిడి తగ్గి, ఆ భారం కూడా షాకుల మీదే పడుతుంది. తక్కువ పట్టీలుండే పారాబోలిక్ కట్టలైతే రాపిడి మొదట్నుంచీ తక్కువే, వాటికి షాకులు పోవడమంటే అన్నీ పోయినట్టే. "పీకేసి తిరగండి" అన్న సలహా మా బాబాయికి నేనైతే ఇవ్వను. రాత్రిపూట హైవే మీద 70లో పోయే బండి అది.

కొలత

షాకుల ఎంపికలో జనం టైమంతా బ్రాండు మీదే ఖర్చు పెడతారు. గాబ్రియేలా, మన్రోనా, కేవైబీనా అని. గాబ్రియేల్ ఇండియా 1961 నుంచి ఇక్కడ షాకులు చేస్తోంది, పాత పికప్‌లకి దాని పార్ట్ నంబరు ఏ కౌంటర్లోనైనా చెప్తారు. ఈ పేరున్న కంపెనీల్లో ఏదైనా నాకు పర్లేదు. నా టైమంతా టేపు మీద పెడతాను. ఎందుకో నా అనుభవమే చెప్పాలి.

చాలా ఏళ్ల కింద మా ఇంట్లో ఒక పాత పికప్ ఉండేది. వెనక షాకులు కారుతున్నాయని కొత్తవి తెచ్చాను. మోడల్ పేరు చెప్తే కౌంటర్ అబ్బాయి ఇచ్చాడు, పైనా కిందా బోల్టు దూరే కళ్లు సరిపోయాయి, బోల్టులు ఎక్కాయి. రెండు నెలలు బాగానే ఉంది. ఒకరోజు నరసరావుపేట రోడ్డులో లోడుతో స్పీడ్ బ్రేకర్ ఎక్కించగానే వెనక సుత్తితో కొట్టినట్టు టంగుమని మోగింది. దిగి చూస్తే ఎడమ షాక్ పైనున్న బ్రాకెట్, వెల్డింగ్‌తో సహా ఛాసిస్ నుంచి ఊడొచ్చి వేలాడుతోంది. ఆ షాక్ పూర్తిగా మూసుకున్నప్పటి పొడవు, ఉండాల్సినదానికన్నా ఓ 15 మిల్లీమీటర్లు ఎక్కువ. పైగా కట్ట బాగా అణిగినప్పుడు ఇరుసు వెళ్లి ఛాసిస్‌కి కొట్టుకోకుండా ఇరుసు మీద ఉండాల్సిన బంపు రబ్బరు ఎప్పుడో రాలిపోయింది, నేను చూసుకోలేదు. కట్ట పూర్తిగా అణిగేలోపే షాక్ మూసుకుపోయి, టన్నున్నర బరువూ ఆ సన్నటి రాడ్ మీద, దాన్నుంచి బ్రాకెట్ మీద పడింది. తప్పు షాకుది కాదు, కొలవని నాది.

అందుకని బాబాయి బండి కింద దూరాం. కమాన్ కట్టల పని అయ్యాక, ఖాళీ బండి, చదును నేల. పై బోల్టు నడిమి నుంచి కింది బోల్టు నడిమికి టేపు పెడితే 460 మిల్లీమీటర్లు వచ్చింది. తర్వాత ఇరుసుకీ, ఛాసిస్ కింద బంపు రబ్బరు తగలాల్సిన చోటుకీ మధ్య ఖాళీ. అక్కడ కొత్త రబ్బరు బిగించి కొలిస్తే 90. అంటే రబ్బరు తగిలే క్షణానికి షాక్ పొడవు 370కి వస్తుంది. రబ్బరు గట్టి దెబ్బకి ఇంకో 25 దాకా నలుగుతుంది. 345. షాక్ ఎప్పటికీ ఇంతకన్నా పొట్టిగా మూసుకోగలిగి ఉండాలి, పైన కొంచెం మార్జిన్‌తో. అంటే మూసిన పొడవు 330 లోపు. షాక్ బాగా ఏటవాలుగా ఉంటే ఇరుసు కదిలినంతా షాక్ కదలదు కాబట్టి ఈ తీసివేత కాస్త తగ్గుతుంది. మేం మాత్రం నిలువు అనుకునే లెక్క వేశాం, పొరపాటున్నా అది మంచివైపు పొరపాటే.

తర్వాత ఛాసిస్ కింద జాకీ పెట్టి, స్టాండ్లు పెట్టి (జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద దూరకండి, దయచేసి), వెనక చక్రాలు రెండూ గాల్లో వేలాడేలా లేపాం. పాత షాక్ కింది బోల్టు ముందే విప్పేశాం, లేకపోతే అదే ఇరుసుని పట్టి ఆపుతుంది, కొలత తప్పొస్తుంది. అప్పుడు 540. కొత్త షాక్ పూర్తిగా తెరుచుకుంటే దీనికన్నా కాస్త ఎక్కువే ఉండాలి, 550 అనుకోండి. లేదంటే చక్రం గుంతలోకి దిగిన ప్రతిసారీ షాక్ లోపలి పిస్టన్ పై మూతని లాగి కొడుతుంది.

కాగితం ముక్క మీద రాసుకున్నవి ఈ రెండు అంకెలే: మూస్తే 330 లోపు, తెరిస్తే 550. కంపెనీల కేటలాగుల్లో ప్రతి షాకుకీ ఈ రెండు పొడవులూ ఉంటాయి. ఈ అంకెలు బాబాయి బండివి, మీ బండికి మీరే కొలవాలి.

ఇందులో ఓ సూక్ష్మం ఉంది. కట్టలు కూర్చున్న బండిలో 460 అనే అంకె తగ్గి 430 అవుతుందేమో, కానీ రబ్బరు తగిలే చోటు మారదు, అది ఛాసిస్‌లో ఉంది. మారేదల్లా పైకి మిగిలిన దూరం. కూర్చున్న బండిలో షాక్ ఎప్పుడూ మూసుకునే చివరకి దగ్గరగా పనిచేస్తుంది, అందుకే రబ్బరు లేకపోతే త్వరగా చస్తుంది. పట్టీ కలిపి ఎత్తు పెంచిన బండిలో తెరుచుకునే చివరకి దగ్గరగా పనిచేస్తుంది, అక్కడ 540 అనే అంకె పెరిగి ఉండొచ్చు. కంపెనీది వేసుకోండి అన్నాయన మాట, బండి కూడా కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంటే నూటికి నూరుపాళ్లు నిజం. 16 ఏళ్లలో ఎవరెవరో ఏం కలిపారో, ఏం కోశారో తెలియని బండికి టేపే సాక్ష్యం.

ఏటవాలు అన్నాను కదా. కొన్ని పాత బళ్లలో బ్రాకెట్ ఊడిపోయి, వెల్డర్ తనకి వీలైన చోట అతికించి ఉంటాడు. షాక్ బాగా వాలిపోయి ఉంటుంది. నిలువుకి 30 డిగ్రీలు వాలితే షాక్ పట్టులో ముప్పావు వంతే చక్రానికి అందుతుంది, 45 డిగ్రీలకి సగమే. అలాంటి బండికి షాక్ మార్చేకన్నా బ్రాకెట్ని అసలు చోటికి తేవడం నయం.

రెండు గొట్టాలా, ఒక గొట్టమా

మార్కెట్లో దొరికే వాటిలో ఎక్కువ భాగం రెండు గొట్టాల రకం. లోపలి గొట్టంలో పిస్టన్ ఆడుతుంది, బయటి గొట్టంలో మిగులు నూనె, దాని పైన గాలి. చవక, మెత్తన, బయట రాయి తగిలి సొట్ట పడ్డా లోపలి గొట్టానికి ఏమీ కాదు. లోపం: అదే పనిగా గతుకుల్లో కొడితే నూనె, గాలి కలిసి నురగ కట్టేస్తుంది. నురగకి పట్టు ఉండదు. పొద్దున బాగానే ఉన్న బండి మధ్యాహ్నానికి ఊగడం మొదలైతే ఇది కారణం కావచ్చు. గాలి స్థానంలో తక్కువ ఒత్తిడి నైట్రోజన్ నింపిన రకంలో నురగ బాగా తగ్గుతుంది. గ్యాస్ షాక్ ప్రయోజనం ఇదీ, బండిని లేపడం కాదు.

ఒక గొట్టం రకంలో నూనెకీ గ్యాస్‌కీ మధ్య కదిలే పిస్టన్ ఒకటి అడ్డుగోడలా ఉంటుంది, అవి కలవనే కలవవు. నూనె ఉన్న గొట్టమే బయటి గాలికి తగులుతుంది కాబట్టి వేడి త్వరగా పోతుంది. ఫ్రాన్సుకి చెందిన ద కార్బన్ అనే ఇంజినీరు ఆలోచన ఇది, జర్మనీ బిల్‌స్టీన్ 1957లో మెర్సిడెస్ కార్లకి ఇచ్చి పేరు తెచ్చింది. మంచి సరుకే. కానీ గొట్టం మీద ఒక రాయి గట్టిగా తగిలి సొట్ట పడితే పిస్టన్ ఇరుక్కుంటుంది, ఇక పారేయడమే. ఖరీదూ ఎక్కువ, పాత పికప్‌లకి కొలత దొరకడమూ కష్టం. పొలం గట్ల మీద, కంకర దారుల్లో తిరిగే బండికి నా ఓటు తక్కువ ఒత్తిడి గ్యాస్ ఉన్న రెండు గొట్టాల రకానికి. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండల్లో తోలినా అది చాలు.

షాక్ చుట్టూ చుట్ట స్ప్రింగు ఉండే రకం, గాలి నింపి ఎత్తు పెంచే రకం కూడా చూపిస్తారు. ఇవి నిజంగానే కొంత బరువు మోస్తాయి. సమస్య కూడా అదే. షాక్ బ్రాకెట్ ఊపుని ఆపడానికి పెట్టింది, బరువు మోయడానికి కాదు. నా ఊడిపోయిన బ్రాకెట్ కథ విన్నాక మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఆటోనగర్ గొప్పతనమే ఏ పాత సామానైనా మళ్లీ బతికించడం. డైనమోలు, గేర్‌బాక్సులు, రేడియేటర్లు, అన్నీ. కానీ షాకుల దగ్గర ఆ విద్యని నేను నమ్మను. సీలు వేసిన గొట్టానికి రంధ్రం కొట్టి, చేతికందిన నూనె పోసి, వెల్డింగ్ పెడితే కారడం ఆగుతుంది, నొక్కితే గట్టిగానూ ఉంటుంది. లోపలి బిళ్లలు ఒక చిక్కదనం ఉన్న నూనె కోసం అమర్చినవి. ఇంజిన్ ఆయిలో, ట్రాక్టర్ హైడ్రాలిక్ ఆయిలో పోస్తే పొద్దున ఒకలా, వేడెక్కాక ఒకలా ఉంటుంది. పోయిన గ్యాస్ ఎటూ తిరిగి రాదు.

పాతవి నిజంగా పోయాయా?

బంపర్ మీద కూర్చుని లేచి, బండి ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెట్టడం అందరూ చేసేదే. కమాన్ కట్టల బండి వెనకవైపు ఇది పనికిరాదు. పట్టీల రాపిడి వల్ల మనిషి బరువుకి అది కదలనే కదలదు, షాకులు లేకపోయినా బుద్ధిగా నిలబడుతుంది. గొట్టం మీద పలచగా దుమ్ము పట్టిన తేమ కనబడితే కంగారు అక్కర్లేదు, నూనె ధారగా కారిన చార ఉంటే అయిపోయినట్టే. టైరు మీద చెయ్యి పెట్టి నిమిరితే అలల్లాగా ఎత్తు పల్లాలు తగిలాయంటే చక్రం రోడ్డు మీద ఆనకుండా గెంతుతోందని అర్థం, అయితే వీల్ బ్యాలెన్స్ లేకపోయినా అలా అవుతుంది.

నేను నమ్మేది చేతి వెనకభాగాన్ని. గతుకుల దారిలో ఓ పది పదిహేను కిలోమీటర్లు తోలి ఆపి, వెంటనే రెండు వైపుల షాకుల గొట్టాలనీ తాకి చూడాలి. పనిచేస్తున్న షాక్ వెచ్చగా ఉంటుంది. రెండోది చల్లగా ఉందంటే అది ఊరికే వేలాడుతోంది. మొదట మెల్లగా తాకండి, కొన్నిసార్లు చెయ్యి కాలేంత వేడి ఉంటుంది. ఒక్కటే పోయిందని తేలినా జతగానే మార్చాలి. ఒకవైపు కొత్తది, ఒకవైపు అరిగినది ఉంటే బ్రేకు పడ్డప్పుడు, గుంతలో పడ్డప్పుడు బండి ఒకవైపు లాగుతుంది.

బిగించేటప్పుడు రెండు విషయాలు దగ్గరుండి చూసుకోండి. రెండు గొట్టాల రకం షాపులో అడ్డంగా పడుకుని ఉంటుంది, లోపల గాలి పక్కదారి పట్టి ఉంటుంది. నిలువుగా పట్టుకుని నాలుగైదుసార్లు పూర్తిగా మూసి తెరిచాకే ఎక్కించాలి. రెండోది, రబ్బరు బుష్‌ల బోల్టులు చివరి బిగింపు బండి నేల మీద నిలబడ్డాకే వేయాలి. చక్రాలు గాల్లో ఉన్నప్పుడు బిగిస్తే, కిందికి దించగానే రబ్బరు మెలిపడి ఆరు నెలల్లో చిరుగుతుంది. రాడ్ తిరుగుతోందని ఎవరైనా ప్లయర్‌తో పట్టుకోబోతే ఆపండి. ఆ మెరుపు మీద గీత పడితే సీలు కోసుకుపోతుంది.

బాబాయి కట్టలకి వంపు తెప్పించి, బంపు రబ్బర్లు కొత్తవి వేయించి, కాగితం మీది రెండు అంకెలకి సరిపోయే మామూలు గ్యాస్ షాకులు తీసుకున్నాడు. పట్టీ కలపలేదు, హెవీ డ్యూటీ జోలికి పోలేదు. మొదటి లోడు 28 టిక్కీలు. యార్డు గేటు ముందు క్యూలో ఆగి ఫోన్ చేశాడు.

"రెండూ తాకి చూశాన్రా. వెచ్చగానే ఉన్నాయి. ఎడమది మాత్రం ఇంకాస్త వేడిగా ఉంది, కుడిది గానీ సరిగ్గా పనిచేయట్లేదంటావా?"

"సైలెన్సర్ ఎటువైపుంది బాబాయ్?"

కాసేపు మాట లేదు. వెనక ఎవరో హారన్ కొడుతున్నారు.

"ఎడమవైపే," అన్నాడు.